తొమ్మిదో నంబరు తల

మనిషికి తల ఉండాలా వద్దా అన్నది ప్రకృతి ఏనాడో తేల్చేసింది. ఆ తల మీద ఏ హెల్మెట్ ఉండాలన్నది మాత్రం ప్రకృతికి వదిలేయదగ్గ విషయం కాదని, దానికి ఒక ఉపసంఘం, ఉపసంఘానికి ఒక యాప్, యాప్‌కు ఒక సహాయ కేంద్రం, సహాయ కేంద్రానికి ఒంటిగంట నుంచి మూడున్నర దాకా భోజన విరామం ఉండి తీరాలని పలాస పెద్దలు నిర్ణయించారు.

సందర్భం ఉద్దానం సాహస క్రీడా సంబరం. అందులో అసలు సరుకు కొండ దిగుడు సైకిలు పందెం. నెమలిమెట్ట కొన మీద సైకిలెక్కి, రాళ్లూ వేర్లూ గోతులూ దాటుకుంటూ, జీడితోటల మధ్య కాలిబాటలో కింద తారురోడ్డు దాకా దిగాలి. తొక్కడం పెద్దగా ఉండదు. బ్రేకు ఎక్కడ వేయకూడదో తెలియడమే విద్య. పడితే ముందుగా నేలకు తగిలేది గడ్డం కాబట్టి, తలతో పాటు దవడను కూడా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ తప్పనిసరి అని ఏడో నిబంధన చెప్పింది. ఇంతవరకు ఆ నిబంధనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ లోటు తీర్చడానికే దానికి 7(ఎ) మొదలు 7(ట) దాకా అనుబంధాలు చేర్చారు.

హిమజ ఈ అనుబంధాలు చదవకుండానే హెల్మెట్ కొనుక్కుంది. అదీ ఆమె చేసిన మొదటి నేరం.

హిమజ కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు టీచరు. నెమలిమెట్ట వాలులో వాళ్లకు ఎకరన్నర జీడితోట ఉంది. పదేళ్లప్పటి నుంచి తండ్రికి క్యారేజీ పట్టుకుని సైకిలు తోసుకుంటూ కొండెక్కేది. ఎక్కడానికి గంట, దిగడానికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల కోసమే ఆ గంట అన్న సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ నాలుగు నిమిషాలకు ఒక విలువ వచ్చింది. పందెంలో గెలిచిన ఒక్కరికి రాష్ట్ర శిక్షణ శిబిరంలో చోటు ఇస్తారు. వయసు పరిమితి ఇరవై నాలుగు. వచ్చే శ్రావణంలో హిమజకు ఇరవై అయిదు వస్తాయి. కాబట్టి ఇదే మొదటిసారి, ఇదే ఆఖరిసారి.

హెల్మెట్ కోసం ఆమె రెండు నెలలు చదివింది. (బీపీఈడీకి కూడా అంత చదవలేదు.) నుదుటి మీద హెల్మెట్ పట్టుకుని కదిపితే చర్మం కూడా దానితో పాటు కదలాలి. బుగ్గలకు దిండ్లు ఒత్తుకోవాలి గాని మాట ఆగకూడదు. గడ్డానికీ ముందు కమ్మీకీ మధ్య ఖాళీ ఉండాలి. ఇరవై నిమిషాలు పెట్టుకున్నా ఎక్కడా నొప్పి పుట్టకూడదు. మొదట తెప్పించింది వదులని వెనక్కి పంపింది. రెండోది కణతల దగ్గర నొక్కుతోందని వెనక్కి పంపింది. మూడోది యాభై ఆరు సెంటీమీటర్లది. దాన్ని పెట్టుకుని అమ్మ ముందు నిలబడింది.

అమ్మ రత్నాలమ్మ పలాస జీడిపప్పు కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్లుగా గ్రేడింగు చేస్తోంది. అరచేతిలో పప్పు పడగానే అది ఏ నంబరుదో చెప్పే మనిషి. కూతురి తలను హెల్మెట్‌తో సహా రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది, చెవి దగ్గర పెట్టుకుని విన్నంత పని చేసింది.

"ఆడతన్నాదేటి లోపల?" అని అడిగింది.

"నేదమ్మా."

"అయితే సరే. పెచ్చులో గుండు కూకున్నట్టు కూకోవాల. ఆడితే గుండు బద్దయిపోద్ది," అంది రత్నాలమ్మ. (గుండంటే విరగని నిండు పప్పు, బద్దంటే చీలిపోయినది.) హెల్మెట్ల మీద హిమజ చదివిన ఏ వ్యాసమూ ఇంతకన్నా బాగా చెప్పలేదు.

ఆ హెల్మెట్ చంకలో పెట్టుకుని హిమజ ఉపసంఘం కార్యాలయానికి వెళ్లింది. అక్కడ సభ్య కార్యదర్శి కూర్మనాథం గారు ఉన్నారు. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసి రిటైరై, ఖాళీగా ఉండటం ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టరు చెబితే ఈ బాధ్యత తీసుకున్నారు. (ఎవరి ఆరోగ్యానికి అన్నది డాక్టరు చెప్పలేదు.)

"సొంత హెల్మెట్ చెల్లదమ్మాయ్," అన్నారాయన, హెల్మెట్ వైపు చూడకుండానే.

"ఎందుకు సార్? మంచిదే, సరిపోతన్నాది కూడా."

"అదే కదా ఇబ్బంది. నీ తలకి సరిపోయేటట్టు నువ్వే ఎంచుకున్నావు. అందులో పక్షపాతం ఉంటుందా, ఉండదా? ఉపసంఘానికి నీ తలతో ఏ సంబంధమూ లేదు. అందుకని ఉపసంఘం ఎంచితే న్యాయంగా ఉంటుంది."

హిమజ పిల్లలకు డ్రిల్లు చెప్పే మనిషి కాబట్టి ఓపిక ఎక్కువ. "మరేటి చెయ్యాల సార్?" అని అడిగింది.

'శిరోరక్ష' అనే యాప్‌లో నమోదు చేసుకోవాలి. యాప్ ఫొటో అడిగింది. అభ్యర్థి ముఖం, ఫుల్‌ఫేస్ హెల్మెట్ రెండూ స్పష్టంగా కనబడాలన్నది షరతు. హెల్మెట్ పెట్టుకుని దిగితే "ముఖం కనబడుట లేదు" అని వచ్చింది. తీసేసి దిగితే "హెల్మెట్ కనబడుట లేదు" అని వచ్చింది. ఏడు ఫొటోల తరువాత కూర్మనాథం గారే దయతలచి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు హెల్మెట్‌ను నడుం మీద పెట్టుకుని దిగమన్నారు.

"కానీ ఇది నా సొంత హెల్మెట్ కదా సార్. చెల్లదన్నారు."

"ఫొటోకి చెల్లుతుంది. తలకి చెల్లదు."

తరువాత శిరఃపరిధి ధ్రువపత్రం. అంటే తల చుట్టుకొలత కాగితం. దానికి ఉపసంఘం నియమించిన అధీకృత కొలతదారు జనార్దనరావు గారు. స్టేషన్ రోడ్డులో జాకెట్లు కుట్టడంలో ఆయన్ను మించినవారు లేరు. కనుబొమల పైనుంచి టేపు చుట్టి, "లూజు ఎంతుంచమంటావమ్మా?" అని అడిగారు. లూజు వద్దంది. యాభై ఆరు అని రాసి, సుద్దముక్కతో నుదుటి మీద చిన్న గీత పెట్టి, అలవాటు కొద్దీ "సుక్రారం వచ్చి తీసుకెల్లు," అన్నారు. యాప్ ఆమె తలకు పదిహేడో నంబరు కేటాయించింది. అది ఇక శాశ్వతమని మెసేజీ వచ్చింది.

ఇదంతా సాగుతుండగా ఉపసంఘం సమావేశమైంది. అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు. నలభై ఏళ్లుగా జీడిపప్పు వ్యాపారం. రత్నాలమ్మ పనిచేసే కార్ఖానా ఆయనదే. సంబరానికి షామియానా, మైకు, మంచినీళ్లు ఆయనే ఇస్తున్నారు కాబట్టి తలల బాధ్యత కూడా ఆయనకే అప్పగించారు. మిగతా ఎనిమిది మంది సభ్యులూ జీడిపప్పు వాళ్లే. పలాసలో తొమ్మిది మంది పెద్దమనుషులను పోగుచేస్తే వేరే వ్యాపారం వాళ్లు తగలడం కష్టం.

ఇక్కడ పాఠకులకు ఒక చిన్న విషయం మనవి చేయాలి. జీడిపప్పు లోకంలో నంబరంటే కొలత కాదు. ఒక పౌను తూకానికి ఎన్ని పప్పులు వస్తాయో ఆ సంఖ్య. నూట ఎనభై వచ్చాయంటే పప్పు బాగా పెద్దది. మూడొందల ఇరవై వచ్చాయంటే చిన్నది. నంబరు తగ్గే కొద్దీ సరుకు పెరుగుతుంది. పలాసలో ఇది బడికి వెళ్లని పిల్లలకు కూడా తెలుసు.

హెల్మెట్లు యాభై నాలుగు నుంచి అరవై రెండు దాకా ఉన్నాయని కంపెనీ కాగితం పంపింది. సోమేశ్వరరావు గారు దాన్ని ఒక్కసారి చూశారు.

"ఇందులో ఆలోసించడానికేటుంది? పెద్ద తలకి యాభై నాలుగు. సిన్న తలకి అరవై రెండు. మధ్యలో ఉన్నోలకి యాభై ఎనిమిది," అన్నారు.

ఎనిమిది తలలు ఊగాయి. (అవి ఏ కొలతవో అప్పటికి తీయలేదు.) దర్జీ టేపు ప్రకారం యాభై ఆరు ఉన్న తలకు అరవై నంబరు, అరవై ఉన్న తలకు యాభై ఆరు నంబరు వచ్చేలా ఒక పట్టిక తయారైంది. దానికి 'పలాస ప్రమాణం' అని పేరు పెట్టారు. ఆర్డరు చూసి కంపెనీ వాళ్లు, మీరు పొరపాటున తలకిందులుగా రాసినట్టున్నారు, ఒకసారి సరిచూసుకోండి అని వినయంగా ఉత్తరం రాశారు. పలాసకు గ్రేడింగు నేర్పే పని పెట్టుకోవద్దని అంతే వినయంగా జవాబు వెళ్లింది.

ఎవరికి ఏ హెల్మెట్టో చెప్పే జాబితా గోడకు అంటించారు. పంపిణీ రోజున హిమజకు అరవై నంబరు హెల్మెట్ ఇచ్చారు. వెనకవైపు ఒక గీతల చీటీ అతికించి ఉంది. దాన్ని స్కాన్ చేస్తే 'తల సంఖ్య 17' అని వస్తుంది. హిమజ హెల్మెట్ పెట్టుకుని ఎడమకు తిరిగింది. హెల్మెట్ మాత్రం ఎదురుగా కూర్మనాథం గారినే చూస్తూ ఉండిపోయింది.

"సార్, ఇది చాలా పెద్దది."

"అభిప్రాయ పత్రం నింపమ్మాయ్," అని కాగితం ఇచ్చారాయన. అందులో రెండు గడులున్నాయి. 'సరిపోయింది', 'చాలా బాగా సరిపోయింది'.

"సరిపోలేదు అని ఏదీ సార్?"

"ఉపసంఘం ఎంచినది సరిపోకపోవడం ఎలా కుదురుతుంది?" అన్నారాయన నిజంగానే అయోమయంగా. హిమజ ఏ గడిలోనూ టిక్కు పెట్టలేదు. ఆమెకు కోపం వచ్చింది. అంతకన్నా ఎక్కువగా భయం వేసింది. ఈ డిప్ప నెత్తిన పెట్టుకుని నెమలిమెట్ట మీద మూడో మలుపు తిరగడమంటే కళ్లకు గంతలు కట్టుకుని తిరగడమే.

ఆమె పక్కనే ప్రేమ్‌కుమార్ ఉన్నాడు. కోటబొమ్మాళి కుర్రాడు, సెల్‌ఫోన్ల దుకాణంలో పని. తల సంఖ్య 9, చుట్టుకొలత అరవై. అతనికిచ్చింది యాభై ఆరు. కనుబొమల దాకా దిగి ఆగిపోయింది. ఇద్దరు వాలంటీర్లు, నిబంధనలను అమలు చేసే ఉత్సాహంతో, పైనుంచి గట్టిగా నొక్కారు. తల లోపలికి వెళ్లింది. ఇక బయటికి రాలేదు.

"అక్కా," అన్నాడు ప్రేమ్‌కుమార్ లోపలినుంచి, బుగ్గలు నలిగిన గొంతుతో. "ఊపిరాడతన్నాది గానీ, మిగతాదేదీ ఆడట్లేదు."

కూర్మనాథం గారు రిజిస్టరులో 'ధరించెను' అని రాసుకున్నారు.

హిమజ అతన్ని ఆటోలో ఎక్కించుకుని తిన్నగా కార్ఖానాకు తీసుకెళ్లింది. జీడిపిక్కలు కొట్టే చోట చేతులు జీడి రసానికి కాలకుండా రాసుకోవడానికి ఆముదం గిన్నెలు ఉంటాయి. రత్నాలమ్మ ఒక గిన్నె తెచ్చి, చెవుల దగ్గర, మెడ దగ్గర నెమ్మదిగా ఆముదం పోసింది. బుగ్గ దిండ్లు ఒక్కొక్కటీ వేలితో జరిపింది. ఇరవై ఎనిమిదేళ్లుగా పెచ్చులోంచి గుండు విరగకుండా తీయడం చూసిన మనిషి. చెవులు రెండూ క్షేమంగా, మెరుస్తూ, ప్రేమ్‌కుమార్ తల బయటికి వచ్చింది.

"గుండే," అంది రత్నాలమ్మ తృప్తిగా. తరువాత చేతిలోని హెల్మెట్‌ను చూసింది. కూతురి చంకలో ఉన్న హెల్మెట్‌ను చూసింది. ఇద్దరి తలలూ చూసింది. ఆమెకు ఉపసంఘం పట్టిక ఎవరూ చూపించలేదు.

"ఓలే గుంటా, ఈ గ్రేడింగు మా కార్ఖానా బాబే సేసుంతాడు," అంది.

సోమేశ్వరరావు గారు లోపల ఆఫీసు గదిలోనే ఉన్నారు. రత్నాలమ్మ రెండు హెల్మెట్లూ ఆయన బల్ల మీద పెట్టింది.

"బాబూ, మన పప్పుకి నంబరు పెరిగితే సరుకు తగ్గుతాది. ఈటికి నంబరు పెరిగితే సరుకు కూడా పెరుగుతాది. మీరు మన లెక్కనేసీసారు."

ఆయన రెండు హెల్మెట్లనూ చేతుల్లో తూచారు. ముఖంలో రంగు మారింది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా గ్రేడు తప్పని మనిషి. ఆయన బాధ నిజమైనదే. వాటిని మళ్లీ బల్ల మీద పెట్టారు.

"లిస్టు అంటించీసాం రత్నాలమ్మా. డబ్బాకి సీలేసినాక సీటీ మార్సినామేటి ఎప్పుడైనా?"

"నేదు బాబూ." ఈ విషయంలో రత్నాలమ్మకు కూడా పట్టింపే. పలాస సరుకంటే చీటీ మీద ఏముందో అదే. చీటీ మారిస్తే కార్ఖానా పరువు పోతుంది.

"లోపల పప్పు తేడా వత్తే ఏటి సేత్తాం?"

"పప్పు మార్సుతాం బాబూ. సీటీ మార్సం."

 అప్పుడు సోమేశ్వరరావు గారి ముఖం విప్పారింది.

"అయితే తలలు మార్సీద్దాం," అన్నారు.

హిమజ నవ్వబోయి, గదిలో ఇంకెవరూ నవ్వడం లేదని గమనించి ఆగిపోయింది.

కూర్మనాథం గారికి ఫోను వెళ్లింది. ఆయన నిబంధనలు తిరగేసి, హెల్మెట్ల మార్పిడికి ఎక్కడా వీలు లేదని, తల వివరాల సవరణకు మాత్రం 7(ట) కింద దరఖాస్తు ఉందని ధ్రువీకరించారు. ఉభయ తలల యజమానుల సమ్మతి, ఇద్దరు సాక్షులు, పాత తలతో ఒక ఫొటో, కొత్త తలతో ఒక ఫొటో కావాలి. హిమజ రెండింటికీ ఒకే ఫొటో ఇచ్చింది. యాప్ రెండింటినీ ఆమోదించింది. రెండోది మొదటిదానికన్నా స్పష్టంగా ఉందని మెచ్చుకుంది కూడా. మూడో రోజుకు పత్రం చేతికొచ్చింది. 'హిమజ గారి భుజములపై ఇకమీదట తొమ్మిదో నంబరు తల యుండును. ప్రేమ్‌కుమార్ గారి భుజములపై పదిహేడో నంబరు తల యుండును. ఉభయులూ గమనించగలరు.'

"నీకేటైనా తేడాగా ఉందా అక్కా?" అని అడిగాడు ప్రేమ్‌కుమార్ పత్రం చదివి.

"నేదు. నీకో?"

"కొంచెం తెలివి పెరిగినట్టుంది," అన్నాడతను, ఏమాత్రం మొహమాటపడకుండా.

ఆ విధంగా తొమ్మిదో నంబరు హెల్మెట్, అంటే యాభై ఆరుది, హిమజకు వచ్చింది. రత్నాలమ్మ ఊపి చూసి తల పంకించింది. మిగతా పోటీదారులకు ఈ దారి తెలియదు. చిన్న తలల వాళ్లు లోపల తువ్వాళ్లు చుట్టుకున్నారు. పెద్ద తలల వాళ్లు గుండ్లు చేయించుకుని, అడిగినవారికి మొక్కు అని చెప్పారు. యాభై ఎనిమిది వచ్చినవాళ్లు మాత్రం ఈ ఉపసంఘాన్ని అందరూ ఎందుకు ఆడిపోసుకుంటున్నారో అర్థంకాక తిరిగారు.

పందెం రోజు పొద్దున్నే నెమలిమెట్ట కొన మీద గాలి చల్లగా ఉంది. దూరంగా ఉద్దానం కొబ్బరితోటలు, వాటి చివర సముద్రం సన్నటి గీతలా కనబడుతున్నాయి. హిమజ వరసలో నిలబడింది. ఇన్నేళ్లుగా దొంగతనంగా దాచుకున్న నాలుగు నిమిషాలు ఇప్పుడు అందరి ముందూ ఖర్చు పెట్టాలి. మళ్లీ అవకాశం రాదు. హెల్మెట్ పట్టీ బిగించుకుంది. లోపల తన ఊపిరి తనకే వినిపించింది. ఏదీ ఆడటం లేదు.

విజిల్ వేశారు.

ఆ బాటలో ప్రతి వేరూ ఆమెకు తెలుసు. మొదటి మలుపులో ముగ్గురిని దాటింది. రెండో మలుపులో తువ్వాలు కళ్ల మీదికి జారిన ఒకతను పొదలో దిగిపోయాడు. మూడో మలుపులో అందరూ బ్రేకు వేశారు, ఆమె వేయలేదు. అక్కడే, ఆమె వెనక, ప్రేమ్‌కుమార్ ఒక జీడికొమ్మకు కొట్టుకుని గడ్డం ముందుగా నేల మీద పడ్డాడు. అరవై నంబరు హెల్మెట్ ముందు కమ్మీ పగిలింది. గడ్డానికి గీత కూడా పడలేదు. (ఉపసంఘం లేకపోయినా ఇంత పని జరిగేదే గాని, ఇన్ని పత్రాలతో జరిగేది కాదు.) హిమజ దుమ్ములోంచి తారురోడ్డు మీదికి ఒక్కతే వచ్చింది. రోడ్డు పక్కన రత్నాలమ్మ, బిగించిన పిడికిలి అప్పుడు విప్పింది. మూడు నిమిషాల యాభై రెండు సెకన్లు.

ముగింపు గీత దగ్గర కూర్మనాథం గారు హెల్మెట్ వెనక చీటీని స్కాన్ చేసి, తెర మీద వచ్చినదాన్ని మైకులో చదివారు.

"ప్రథమ స్థానం, తొమ్మిదో నంబరు తల. ప్రేమ్‌కుమార్, కోటబొమ్మాళి!"

చప్పట్లు మోగాయి. ఆ సమయానికే ప్రేమ్‌కుమార్ వంకర తిరిగిన సైకిలును భుజాన వేసుకుని, నోట్లో పడ్డ జీడాకు ఊసుకుంటూ పదమూడోవాడిగా కిందికి వచ్చాడు.

"నానా?" అన్నాడు. "నాను పడిపోనాను కదండీ!"

"పడింది పదిహేడో తల," అని కూర్మనాథం గారు సౌమ్యంగా సరిదిద్దారు. "అది హిమజ పేరు మీద నమోదైన తల. తొమ్మిదోది ముందుగా నీ పేరు మీద నమోదైంది. సవరణ భుజాలకే గాని, ముందటి నమోదుకు కాదు. కాళ్లు హిమజవే, సైకిలూ హిమజదే, కాదనను. కానీ గెలిచింది నీ తల."

"నా తల నాకాడే ఉంది సార్, సూడండి!" అని ప్రేమ్‌కుమార్ హెల్మెట్ తీసి చూపించాడు. సాక్ష్యంగా అది చెల్లలేదు. తలకు గీతల చీటీ లేదు కాబట్టి. "నాకొద్దండీ ఆ సోటు. అక్క గెలిసింది. ఊరంతా సూసింది," అన్నాడు. ఊరు చూసినది నమోదు చేసే గడి యాప్‌లో లేదు.

హిమజకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచిన వెంటనే ఏడవాల్సి రావడం ఆమెకు అన్నిటికన్నా సిగ్గుగా తోచింది. హెల్మెట్ తీయలేదు, ఫుల్‌ఫేస్ హెల్మెట్ వల్ల ఆ సౌకర్యం కూడా ఉంది.

అప్పుడు రత్నాలమ్మ షామియానాలోకి నడిచి, సోమేశ్వరరావు గారి ముందు నిలబడింది. ఆమె గొంతు ఎప్పుడూ పెద్దది కాదు. అందుకని ఆయన మైకు ఆపించారు.

"బాబూ, ఆ తల నాను కన్నాను. మీ నంబరేదైనా ఎయ్యండి. పొద్దున్న దువ్విన జడ నాది. ఇందులో సీటీ మార్సమని నాను సెప్పట్లేదు. డబ్బాలో ఉన్నదేదో మీరే సెప్పండి."

సోమేశ్వరరావు గారు తలవంచుకున్నారు. చీటీ మార్చలేరు. రత్నాలమ్మ మొహం చూడలేరు. లేచి తీర్పు చెప్పారు.

"గెలిసినది తొమ్మిదో తలే. అందులో మార్పు నేదు. శిక్షణకి ఆ తలే ఎల్లాల. అది ఇప్పుడు ఎవరి భుజాల మీదుంటే ఆలే తీసుకెల్లాల."

కూర్మనాథం గారు నిబంధనలు తిరగేశారు. దీన్ని అడ్డుకునేది ఏదీ దొరకలేదు. అలా ఒక చేత్తో పోయిన గెలుపు ఇంకో చేత్తో హిమజకు తిరిగొచ్చింది. ప్రేమ్‌కుమార్ అందరికన్నా గట్టిగా ఈల వేశాడు.

నెల తిరగకుండా శిబిరం నుంచి ఉత్తరం వచ్చింది. చిరునామాలో 'ప్రేమ్‌కుమార్ తల, కేరాఫ్ హిమజ' అని ఉంది. పోస్ట్‌మ్యాన్ రెండుసార్లు చదివి, గుర్తింపు కార్డు అడగడానికి ధైర్యం చాలక ఇచ్చేసి వెళ్లిపోయాడు. ఉత్తరం వెనకే పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో చొక్కాలు, మోకాలి కవచాలు, కొత్త ఫుల్‌ఫేస్ హెల్మెట్. నమోదు ప్రకారం తొమ్మిదో తల చుట్టుకొలత అరవై. పలాస ప్రమాణం తెలియని మనుషులు కాబట్టి వాళ్లు అరవైకి అరవైయే పంపారు.

హిమజ పెట్టుకుంది. రత్నాలమ్మ రెండు చేతులా పట్టుకుని ఊపింది. తల ఒక పక్కకి, హెల్మెట్ ఒక పక్కకి వెళ్లాయి.

"రిజెక్టు," అంది రత్నాలమ్మ.

పెట్టె అడుగున అభిప్రాయ పత్రం ఉంది. రెండే గడులు. మొదటిసారి అలాంటి కాగితాన్ని చూసినప్పుడు హిమజ వాదించింది. ఇప్పుడు వాదించలేదు. 'చాలా బాగా సరిపోయింది' అన్న గడిలో శుభ్రంగా టిక్కు పెట్టి, అటక మీది నుంచి తన సొంత హెల్మెట్ దించి, దుమ్ము తుడిచి, సంచిలో బట్టల అడుగున సర్దుకుంది. అమ్మ పైన ఇంకో దుప్పటి కప్పింది.

ఆ వారమే ఉపసంఘం తుది నివేదిక గోడకెక్కింది. 'ఈ సంవత్సరం ఎంపిక చేసిన హెల్మెట్లలో ఎట్టి లోపమూ కనబడలేదు. తలలలో రెండు లోపములు కనబడగా, సకాలములో సరిదిద్దడమైనది.'